చిన్న స్వచ్ఛంద సంస్థకు ఇంటర్నెట్: చిరునామా నుంచి చందా దాకా

కార్యవర్గ సమావేశంలో ఎవరైనా "మనం కూడా ఆన్‌లైన్‌లోకి వెళ్లాలి" అన్నారంటే, చాలాసార్లు ఆ మాటకు అర్థం "ఆన్‌లైన్‌లో చందాలు అడుగుదాం" అనే. మరుసటి వారానికి ఫేస్‌బుక్ పేజీ ఒకటి పుడుతుంది. క్యూఆర్ కోడ్ ముద్రించిన పోస్టరు అందులోకి ఎక్కుతుంది. కార్యవర్గ సభ్యుల బంధువులు నలుగురు తలా అయిదు వందలు పంపుతారు. ఆ తర్వాత పేజీ నిద్రపోతుంది, "మనలాంటి చిన్న సంస్థలకు ఇంటర్నెట్ పనికిరాదు" అన్న తీర్మానం మిగులుతుంది.

ఇక్కడ తప్పింది వరస. ఊళ్లో చందా పుస్తకం పట్టుకుని వెళ్లినప్పుడు కూడా, గడపలో నిలబడినవారు ఎవరో, కిందటేడు ఇచ్చిన డబ్బు ఏమైందో తెలిశాకే ఎవరి చేయి అయినా జేబులోకి వెళుతుంది. ఇంటర్నెట్‌లోనూ వరస అదే: ముందు చిరునామా, తర్వాత లెక్క, ఆ తర్వాత అవతలివారికి పనికివచ్చే మాట, చివరికి విరాళం. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీగానో, లేదా ట్రస్టుగానో నమోదై, ఇద్దరు ముగ్గురు జీతగాళ్లతోను, మరికొందరు కార్యకర్తలతోను నడిచే సంస్థలను దృష్టిలో పెట్టుకుని, ఆ వరసలోనే ఒక్కొక్క మెట్టూ ఎక్కుదాం.

మొదటి మెట్టు: పని ఎక్కడ ఆగుతోందో చూడటం

ఏ వెబ్‌సైటు చేయించాలి, ఏ యాప్ కొనాలి అని అడగబోయే ముందు, కార్యవర్గమూ క్షేత్రంలో తిరిగే కార్యకర్తలూ ఒక పూట కూర్చుని, సంస్థ పని ఎక్కడెక్కడ ఆగుతోందో కాగితం మీద రాసుకోవాలి. మండల కేంద్రంలో ఉచిత కంటి పరీక్షల శిబిరాలు నడిపే సంస్థ ఒకటి ఉందనుకుందాం. శిబిరం తేదీ పక్క ఊళ్లకు చేరకపోవడం ఒక అడ్డంకి. ఆపరేషను చేయించుకున్నవారు మళ్లీ చూపించుకోవడానికి రాకపోవడం ఇంకొకటి. ఏ ఊరి నుంచి ఎందరు వచ్చారన్నది చెప్పమంటే మూడు రిజిస్టర్లు తిరగేయాల్సి రావడం మరొకటి. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. మొదటిదానికి వాట్సాప్ చాలు, రెండోదానికి ఫోన్ చేసే మనిషి, ఆ మనిషి చేతిలో ఒక జాబితా కావాలి, మూడోదానికి సమాచారాన్ని ఫోన్‌లోనే నమోదు చేసే పద్ధతి కావాలి. మూడింటిలో దేనికీ అందమైన వెబ్‌సైటు అవసరం లేదు.

అడ్డంకుల్లో ఒకటో రెండో ఎంచుకుని, ఆరు నెలల తర్వాత ఏ అంకె మారితే పని జరిగినట్టు ఒప్పుకుంటారో ఇప్పుడే రాసిపెట్టుకోండి. "మళ్లీ చూపించుకోవడానికి వచ్చేవారు నూటికి నలభై మంది ఉన్నారు, అరవై కావాలి" అన్నంత స్పష్టంగా ఉండాలి ఆ మాట. "పదివేల మంది ఫాలోవర్లు" అన్నది పోస్టరు చేసే కుర్రవాడి లక్ష్యం కావచ్చు గాని, సంస్థ లక్ష్యం కాలేదు.

రెండవ మెట్టు: తాళాలన్నీ సంస్థ పేరు మీద ఉంచడం

ఇది చదవడానికి నీరసంగా ఉండే మెట్టు. సంస్థలు ఎక్కువగా జారిపడేదీ ఇక్కడే. నాకు బాగా తెలిసిన ఒక సంస్థకు, కంప్యూటర్ చదువుతున్న ఒక కార్యకర్త ప్రేమగా వెబ్‌సైటు చేసిపెట్టాడు. డొమైన్ పేరు (వెబ్‌సైటు చిరునామా) అతని సొంత ఈమెయిలు మీద, చెల్లింపు అతని కార్డు మీద జరిగాయి. మూడేళ్లకు అతనికి ఉద్యోగం వచ్చి ఊరు మారాడు, పాత ఈమెయిలు చూడటం మానేశాడు, గడువు గుర్తుచేస్తూ వచ్చిన ఉత్తరాలన్నీ ఆ పెట్టెలోనే పడి ఉన్నాయి. చివరికి సంస్థ కరపత్రాల మీదా బ్యానర్ల మీదా ముద్రించుకున్న చిరునామాను తెరిస్తే ఏదో జూదం సైటు కనిపించింది. ఇందులో దురుద్దేశం ఎవరికీ లేదు, తాళం సంస్థ చేతిలో లేదు, అంతే.

కాబట్టి మొదట సంస్థ పేరుతో ఒక ఈమెయిలు, సంస్థ పేరుతో ఒక సిమ్ తీసుకోవాలి. డొమైను, ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్ చానల్, వాట్సాప్ బిజినెస్, గూగుల్ మ్యాప్‌లో సంస్థ వివరాల నమోదు అన్నీ వాటి మీదే ఉండాలి. ప్రతి ఖాతాకూ కనీసం ఇద్దరు అడ్మిన్‌లు ఉండాలి, వారిలో ఒకరు కార్యవర్గ సభ్యులై ఉండాలి. రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు ఫోన్‌కు వచ్చే కోడు కూడా అడగడం) ప్రతిచోటా పెట్టాలి. ఏ ఖాతా ఎవరి చేతిలో ఉంది, ఏ గడువు ఎప్పుడు ముగుస్తుంది అన్న పట్టికను మినిట్స్ పుస్తకంతో పాటు బీరువాలో ఉంచాలి. ఎవరైనా సంస్థను వదిలి వెళ్లే రోజున గది తాళంచెవి తీసుకున్నట్టే ఈ తాళాలూ తీసుకోవాలి, వాటి పాస్‌వర్డులూ మార్చాలి.

డొమైన్ పేరుగా డాట్ ఆర్గ్ గానీ డాట్ ఇన్ గానీ తీసుకోవచ్చు, ఏడాదికి సుమారు వెయ్యి రూపాయల ఖర్చు. తెలుగు లిపిలోనే డాట్ భారత్ పేర్లు కూడా దొరుకుతున్నాయి. అయితే ఈమెయిలు చిరునామాకు వాటిని వాడితే కొన్ని సేవలు ఇంకా సరిగా గుర్తించవు గనుక, అలాంటి పేరును రెండో చిరునామాగా ఉంచుకోవడమే మేలు.

ఇదే దశలో నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీవో దర్పణ్ పోర్టల్‌లో సంస్థను నమోదు చేయించండి. నమోదుకు రుసుము లేదు, సంస్థకు ఒక విశిష్ట సంఖ్య వస్తుంది, ప్రభుత్వ గ్రాంట్లకు దరఖాస్తు చేసినప్పుడు ఆ సంఖ్యే అడుగుతారు. గూగుల్ ఫర్ నాన్‌ప్రాఫిట్స్ పథకానికి భారతీయ సంస్థలు కూడా అర్హులే. అర్హత ధ్రువీకరణ అయ్యాక సంస్థ డొమైన్ మీద ఈమెయిళ్లు, ఫైళ్లు దాచుకునే చోటు ఉచితంగా లభిస్తాయి. ఆసుపత్రులు, పాఠశాలలు, ప్రభుత్వ సంస్థలు మాత్రం ఈ పథకం కిందికి రావు. పోస్టర్లు తయారుచేసే కాన్వా సంస్థ కూడా సేవాసంస్థలకు తన ప్రీమియం సదుపాయాలను ఉచితంగా ఇస్తోంది.

మూడవ మెట్టు: లెక్క కనిపించే వెబ్‌సైటు

చిన్న సంస్థ వెబ్‌సైటును రెండు రకాల మనుషులు వెతుక్కుంటూ వస్తారు. సేవ కావలసినవారు మొదటి రకం, ఈ సంస్థను నమ్మవచ్చా అని తేల్చుకోదలచినవారు రెండో రకం. మొదటివారికి మొదటి పేజీలోనే, ఫోన్ తెరను కిందికి జరపకముందే, మూడు సంగతులు కనబడాలి: మీరు ఏం చేస్తారు, ఎక్కడ ఏ వేళల్లో చేస్తారు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి. ఆ నంబరును నొక్కితే కాల్ వెళ్లాలి. కదిలే బొమ్మల పట్టీలు, స్వాగతం పలికే అధ్యక్షుల నిలువెత్తు ఫొటోలు పల్లెల్లో సిగ్నల్ అందని చోట పేజీని తెరుచుకోనివ్వవు, కనుక వాటిని నిర్మొహమాటంగా తీసేయండి.

రెండో రకం వారికోసం లెక్కల పేజీ ఉండాలి. రిజిస్ట్రేషన్ సంఖ్య, దర్పణ్ సంఖ్య, పాన్, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతకు పన్ను మినహాయింపు) ధ్రువపత్రాలు, కార్యవర్గ సభ్యుల పేర్లు, గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు, ప్రతి ఏడాదీ ఏం చేశారో చెప్పే నాలుగు పేజీల నివేదిక. ఇంతమాత్రం పెట్టే సంస్థలు తక్కువ గనుక, పెట్టినవారు వెంటనే వేరుగా కనబడతారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, ఆ పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు చేయాలి. ఆ డబ్బు అందుకోదలచిన సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 ఫారం ద్వారా నమోదై ఉండాలి. మీ దరఖాస్తు చూసిన కంపెనీ ఉద్యోగి చేసే మొదటి పని మీ పేరును గూగుల్‌లో వెతకడం. అప్పుడు కనిపించవలసింది లెక్కల పేజీయే.

ఆడిట్ నివేదికను మక్కీకి మక్కీగా పెట్టి వదిలేయకుండా, దాని పైన నాలుగు వాక్యాలు మామూలు తెలుగులో రాయండి. ఎంత వచ్చింది, అందులో జీతాలకు ఎంత, శిబిరాలకు ఎంత, మిగిలింది ఎంత, అది ఎందుకు మిగిలింది. జీతాల ఖర్చు దాచవలసిన విషయమేమీ కాదు. కార్యకర్త కడుపు నిండకుండా శిబిరం నడవదన్న సంగతి దాతకు చెప్పేందుకు ఆ పేజీని మించిన చోటు లేదు.

నాలుగవ మెట్టు: తెలుగును వెతికితే దొరికే తెలుగుగా రాయడం

మన సంస్థల దగ్గర ఇరవై ముప్పై ఏళ్ల కరపత్రాలు, నివేదికలు, పాటల పుస్తకాలు డీటీపీ ఆపరేటరు కంప్యూటర్లో అను ఫాంట్లలో పడి ఉంటాయి. ఆ ఫాంట్లు అచ్చుకు చక్కగా పనికివచ్చాయి. వెబ్‌లో పెడితే మాత్రం అవి లేని కంప్యూటరుకు ఆ అక్షరాలు అర్థం లేని గుర్తులుగా కనబడతాయి, గూగుల్‌కు అసలు తెలుగుగానే కనబడవు. కాబట్టి పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ తెలుగుగానే గుర్తించే పద్ధతిలోకి, మార్పించాలి. మార్చే సాధనాలు ఉచితంగానే దొరుకుతాయి గాని, ఒత్తులూ గుడులూ అక్కడక్కడ తారుమారవుతాయి, అందుచేత తెలుగు బాగా తెలిసిన ఒకరు ప్రూఫు చూసి తీరాలి. కొత్తగా రాసేది మొదటి నుంచీ యూనికోడ్‌లోనే రాయాలి. ఫోన్‌లో జీబోర్డు, కంప్యూటర్లో ఇన్‌స్క్రిప్ట్ గానీ లేఖిని గానీ సరిపోతాయి. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నాయి.

శిబిరం వివరాలన్నీ పోస్టరు బొమ్మలో ముద్రించి, ఆ బొమ్మను మాత్రమే పెట్టడం అంతకన్నా పెద్ద పొరపాటు. బొమ్మలో ఉన్న అక్షరాలను చూపులేనివారి ఫోన్‌లోని చదివే సాధనం సరిగా చదవలేదు, వెతికేవారికి అవి దొరకవు. కంటి శిబిరం పోస్టరునే చూపులేనివారి ఫోన్ చదవలేకపోవడం మరీ విడ్డూరం. బొమ్మ పెట్టినా, దాని కింద అదే సమాచారాన్ని అక్షరాలలో కూడా రాయండి. తెలుగువారిలో చాలామంది తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి వెతుకుతారు, ఇంకా చాలామంది ఫోన్‌కు నోటితో చెప్పి వెతుకుతారు. మీ సేవ పేరు, ఊరి పేరు తెలుగు, ఇంగ్లీషు లిపులు రెండింటిలోనూ పేజీలో ఒక్కసారైనా ఉంటే వారందరికీ దొరుకుతారు. "నేత్రవైద్య శిబిరం" అని శీర్షిక పెట్టినా, జనం అనే "కంటి పరీక్ష", "కంట్లో పొర", "శుక్లం ఆపరేషన్" అన్న మాటలు కింద ఉండి తీరాలి.

ఇదంతా సిద్ధమైన తర్వాత, గూగుల్ యాడ్ గ్రాంట్స్ గురించి ఆలోచించవచ్చు. అర్హత గల సంస్థలకు నెలకు పదివేల డాలర్ల విలువైన వెతుకులాట ప్రకటనలు ఉచితంగా ఇస్తారు. అంకె చూసి కళ్లు తిరగనవసరం లేదు. అది చేతికి వచ్చే డబ్బు కాదు, ప్రకటన చూసినవారిలో నూటికి అయిదుగురైనా దానిని నొక్కుతూ ఉండాలన్న షరతు ఉంది, ఒక మండలంలో పనిచేసే సంస్థకు అంత వెతుకులాటే ఉండదు. రాష్ట్రమంతటికీ ఉపయోగపడే సమాచారం, ఉదాహరణకు వికలాంగుల పింఛను ధ్రువపత్రం తెచ్చుకునే పద్ధతి వంటిది, మీ సైటులో వివరంగా ఉంటేనే దీనితో ప్రయోజనం.

అయిదవ మెట్టు: క్షేత్రంలో ఇంటర్నెట్

ఊళ్లో సమాచారం సేకరించే పనికి కోబో టూల్‌బాక్స్, ఓడీకే అనే ఉచిత సాధనాలు ఉన్నాయి. ప్రశ్నలు తెలుగులో పెట్టుకోవచ్చు, సిగ్నల్ లేని తండాలో ఫోన్‌లో నింపుకుని, కవరేజీ ఉన్న చోటికి వచ్చాక పంపవచ్చు. మొదటిసారి ఫారం తయారుచేసేవారు చేసే పొరపాటు ఊరి పేరును చేత్తో రాయమనడం. ఒకే ఊరు నాలుగు వర్ణక్రమాలలో వస్తుంది, ఆపైన లెక్క వేయబోతే నాలుగు ఊళ్లయి కూర్చుంటుంది. ఊరు, మండలం, సమస్య రకం, అన్నీ జాబితాలో నుంచి ఎంచుకునేలా పెట్టాలి. రెండో పొరపాటు అడగదగిన ప్రశ్నలన్నీ అడగడం. జవాబు వచ్చాక మీరు ఏం చేస్తారో చెప్పలేని ప్రశ్న ఏదైనా ఉంటే దాన్ని కొట్టేయండి. ఎండలో నిలబడి కార్యకర్త అడిగే ఇరవయ్యో ప్రశ్నకు వచ్చే జవాబు నిజమైనదై ఉండదు.

వీడియోల విషయంలో మన ప్రాంతంలోనే పాఠాలున్నాయి. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో, చిరుధాన్యాలు పండించే దళిత మహిళా రైతులే కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో మొదలైనప్పుడు మైకు ముందు కూర్చున్నదీ వారే, మాట్లాడిందీ వారి యాసే. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో పరిశోధనగా మొదలై తర్వాత విడి సంస్థ అయిన డిజిటల్ గ్రీన్ మరో దారిలో అదే చోటికి చేరింది. ఊరిలోని రైతే తన పొలంలో చేసి చూపిన పనిని చిన్న వీడియోగా తీసి, మహిళా సంఘాల సమావేశాల్లో చిన్న ప్రొజెక్టరుతో చూపించి, మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలు అడిగించే పద్ధతి వారిది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేస్తున్న రైతుల మధ్య కూడా ఈ పద్ధతి వాడారు.

ఈ రెండింటి నుంచి చిన్న సంస్థ తీసుకోవలసింది ఒక్కటే: తెర మీద కనిపించే మనిషి చూసేవారికి ఇరుగుపొరుగు అనిపించాలి. స్టూడియోలో తీసిన పదిహేను నిమిషాల ఉపన్యాసం కన్నా, మీ శిబిరంలో ఆపరేషను చేయించుకున్న పెద్దావిడ ఇష్టపడి, తన వాకిట్లో కూర్చుని, "ఆ రాత్రి కంటికి గంత కట్టారు, మూడో రోజు మనవరాలి ముఖం కనబడ్డది" అని చెప్పే రెండు నిమిషాలు ఆపరేషనంటే భయపడేవారిని కదిలిస్తాయి. మంచి కెమెరా అవసరం లేదు, నూటికి తొంభై వంతులు చెడేది ధ్వని. నాలుగైదు వందలకు దొరికే కాలరు మైకు ఒకటి కొనండి, ఫ్యాను ఆపండి, ఫోన్ అడ్డంగా పట్టుకోండి. యూట్యూబ్‌లో పెట్టేముందు తీసిన వీడియోను వారికే చూపించి, సరేనన్నాకే పెట్టండి.

ఆరవ మెట్టు: వాట్సాప్‌ను అదుపులో పెట్టుకోవడం

మన ఊళ్లలో ఇంటర్నెట్ అంటే వాట్సాప్ అనుకునేవారే ఎక్కువ, అందువల్ల ఈ సాధనాన్ని జాగ్రత్తగా వాడాలి. అందరినీ ఒకే గ్రూపులో చేర్చడం అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా ప్రమాదం. ప్రతివారి నంబరు మిగిలినవారందరికీ తెలిసిపోతుంది, వారం తిరక్కుండా శుభోదయాలు, పార్టీ పాటలు, పుకార్లు వచ్చి పడతాయి, శిబిరం తేదీ ఎవరికీ కనిపించదు. దానికి బదులు మూడు పొరలుగా విడదీయండి. కార్యకర్తలు మాట్లాడుకోవడానికి చిన్న గ్రూపు. ప్రకటనలకు వాట్సాప్ చానల్, ఇందులో చేరినవారి నంబర్లు తోటివారికి కనిపించవు. ఆశా కార్యకర్తలు, పంచాయతీ సిబ్బంది, ఉపాధ్యాయులు వంటి ముఖ్యులకు బ్రాడ్‌కాస్ట్ జాబితా. బ్రాడ్‌కాస్ట్ సందేశం మీ నంబరును ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది, ఒక్కో జాబితాలో 256 మందే పడతారు. కనుక మొదటిసారి కలిసినప్పుడే వారి ఫోన్ తీసుకుని సంస్థ పేరుతో నంబరు సేవ్ చేయించడం కార్యకర్త పనిలో భాగం కావాలి.

చదవడం రాని వారికి, చదవడం వచ్చినా చత్వారం ఉన్నవారికి, నలభై సెకన్ల వాయిస్ సందేశం అక్షరాలకంటే బాగా చేరుతుంది. అదే గొంతు ప్రతిసారీ వినిపిస్తే మరీ మంచిది. వాట్సాప్ బిజినెస్‌లో తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి ఉంచుకోవచ్చు, పని వేళలు పెట్టుకోవచ్చు. కాని రాత్రి పదకొండింటికి వచ్చిన "కన్ను నొప్పిగా ఉంది" అన్న సందేశానికి యంత్రం జవాబు సరిపోదు. ఆ జవాబులో దగ్గరి ఆసుపత్రి పేరు, 108 నంబరు ఉండాలి.

ఏడవ మెట్టు: ముఖం చూపించే ముందు

విరాళాల మాటకు రాకముందే ఈ మెట్టు ఎక్కాలి. ఎందుకంటే జాలి పుట్టించే ఫొటో పెడితే డబ్బు వస్తుందన్న ఆశ పుట్టాక ఈ నియమాలు గుర్తుండవు. సంరక్షణ అవసరమైన పిల్లల, చట్టంతో విభేదించిన (నేరం చేశారన్న ఆరోపణ ఉన్న, లేదా చేసినట్టు తేలిన) పిల్లల గుర్తింపు తెలిసేలా పేరు, ఫొటో, బడి, చిరునామా ప్రచురించడాన్ని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షను నిషేధించింది. లైంగిక నేరాలకు గురైన పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం కూడా అదే చెబుతోంది. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాలకు 2017 చట్టం రక్షణ ఇస్తోంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారినందరినీ పిల్లలుగా లెక్కించి, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతిని రుజువు చేయగలిగేలా తీసుకోవాలంటోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి.

చట్టం సంగతి అలా ఉంచితే, ఆచరణలో ఒక తెలుగు అంగీకార పత్రం తయారుచేసుకోండి. ఈ ఫొటో ఎక్కడ పెడతాం, ఎందుకు పెడతాం, వద్దనుకుంటే ఎవరికి ఫోన్ చేయాలి అన్న మూడు మాటలు చాలు. సంతకం చేయలేనివారికి చదివి వినిపించి, ఆ సంభాషణను రికార్డు చేయండి. సాయం పొందే వేళలో అడిగితే ఎవరూ కాదనలేరు, అందుకని సాయం అందిన మర్నాడు అడగండి. కాదన్నవారికి సేవలో తేడా రాకూడదని వేరే చెప్పనవసరం లేదు. ఇక శిబిరాలలో తీసుకున్న ఆధార్ నకళ్లు కార్యకర్త వాట్సాప్‌లో ఫొటోలుగా మిగిలిపోయి ఉంటాయి. వాటిని వెతికి తుడిచేయండి, అవసరం లేని చోట అసలు అడగకండి.

ఎనిమిదవ మెట్టు: విరాళం

ఇంతవరకూ వచ్చిన సంస్థ ఇప్పుడు అడగవచ్చు. మొదటి నియమం, క్యూఆర్ కోడ్ సంస్థ బ్యాంకు ఖాతాదై ఉండాలి. స్కాను చేసినప్పుడు కార్యదర్శి పేరు కనబడితే, ఆయన ఎంత నిజాయతీపరుడైనా, దాత అక్కడే ఆగిపోతాడు, ఆడిటరు ఆ తర్వాత పట్టుకుంటాడు.

రెండో నియమం చాలామందికి తెలియక దెబ్బతినే విషయం. పోస్టరు మీది క్యూఆర్ కోడ్ ద్వారా వచ్చిన డబ్బు వెంట ఒక పొట్టిపేరు తప్ప ఏమీ రాదు. దాత పేరు, చిరునామా రికార్డులో లేని విరాళాలను ఆదాయపు పన్ను చట్టం అనామక విరాళాలుగా చూస్తుంది. మొత్తం విరాళాల్లో అయిదు శాతం గానీ లక్ష రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే దానికి మించిన అనామక విరాళాలపై ధర్మసంస్థ ముప్పై శాతం పన్ను కట్టాల్సి వస్తుంది. కనుక క్యూఆర్ కోడ్ పక్కనే ఒక చిన్న ఫారం లింకు ఉండాలి. పేరు, చిరునామా, ఫోన్, రసీదు కావాలంటే పాన్. డబ్బు పంపినవారికి ఆ రోజే "అందింది, దయచేసి ఈ వివరాలు ఇవ్వండి" అని సందేశం వెళ్లాలి.

80జి అనుమతి ఉన్న సంస్థ, 1961 చట్టం కింద, ప్రతి ఆర్థిక సంవత్సరపు విరాళాల వివరాలను మే 31లోగా 10బీడీ ఫారంలో దాఖలు చేసి, అక్కడి నుంచి వచ్చే 10బీఈ ధ్రువపత్రాన్ని దాతలకు ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు రెండు వందల రూపాయల చొప్పున రుసుము. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నందువల్ల సెక్షన్ల సంఖ్యలు, ఫారాల పేర్లు మారతాయి కాబట్టి, రసీదు పుస్తకం, వెబ్‌సైటు మాటలు మార్చే ముందు ఆడిటరును అడగండి. రెండు వేల రూపాయలకు మించిన నగదు విరాళానికి 80జి మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు ఈ మినహాయింపే వర్తించదు. ఉద్యోగుల్లో చాలామంది ఆ విధానంలోకి వెళుతున్నారు గనుక, "పన్ను ఆదా" అన్న మాటను పోస్టరులో పెద్ద అక్షరాలతో వేయడం కన్నా, ఆ డబ్బు ఏం చేస్తుందో చెప్పడం మీద దృష్టి పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

అడిగే తీరు మాటకొస్తే, "మీకు తోచినంత" అన్నది మర్యాదగా ఉంటుంది గాని పనిచేయదు. ఒక జత కళ్లద్దాలకు ఎంత, ఒక శిబిరం రోజున భోజనాలకు ఎంత, కార్యకర్త నెల జీతం ఎంత అని మీ లెక్కల పుస్తకంలోని అసలు అంకెలు పెట్టండి. పెద్ద విరాళం ఒక్కసారి ఇచ్చేవారికన్నా నెలనెలా రెండు వందలిచ్చే యాభై మంది సంస్థను నిలబెడతారు. నెలనెలా డబ్బు దానంతటదే వెళ్లేలా చేసే యూపీఐ ఆటోపే అందుకు అనువుగా ఉంది. కార్డు చెల్లింపుల మీద గేట్‌వేలు (ఆన్‌లైన్ చెల్లింపును మీ ఖాతాకు చేర్చే సంస్థలు) సాధారణంగా రెండు శాతం వరకు తీసుకుంటాయి, ఆ ఖర్చును లెక్కలో చూపండి. మిలాప్, కెట్టో, గివ్ వంటి వేదికలు ఒక నిర్దిష్టమైన అవసరానికి, ఒక గడువుకు పనికివస్తాయి. వాటి రుసుములు, దాతల వివరాలు మీకు ఇస్తారా ఇవ్వరా అన్న సంగతి ముందే చూసుకోండి. వివరాలు మీ చేతికి రాకపోతే ఆ దాత మీ దాత కాడు.

డబ్బు అందిన నెలలోపు దాతకు రెండో ఉత్తరం వెళ్లాలి, అందులో మళ్లీ చందా అడగకూడదు. శిబిరం ఎప్పుడు జరిగింది, ఎందరు వచ్చారు, అనుకున్నది ఏది జరగలేదు. ఈ మూడో మాట రాయడానికి కార్యవర్గం జంకుతుంది. కాని "వర్షం వల్ల రెండు ఊళ్లకు వెళ్లలేకపోయాం" అని చదివిన దాత మిగతా అంకెలను కూడా నమ్ముతాడు.

తొమ్మిదవ మెట్టు: విదేశాల్లోని తెలుగువారు

అమెరికాలోని మేనల్లుడికి పోస్టరు పంపడం ఒక్క నొక్కుతో అయ్యే పని. అక్కడే పెద్ద గొయ్యి ఉంది. విదేశాల్లో ఉంటూ భారత పౌరసత్వం నిలుపుకున్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు మార్గంలో పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని, విదేశీ పౌరులైన భారతీయ సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు పొందిన మరునాడు విదేశీ దాత అవుతారు. అప్పుడు వారిచ్చేది నూరు రూపాయలైనా, ఊరికి వచ్చినప్పుడు రూపాయల్లో ఇచ్చినా, 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదైన సంస్థ గానీ, ముందస్తు అనుమతి పొందిన సంస్థ గానీ మాత్రమే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాకే రావాలి. అందులో పరిపాలనా ఖర్చు ఇరవై శాతం దాటకూడదు, మరో సంస్థకు బదిలీ చేయకూడదు, ఏటా డిసెంబరు 31లోగా ఎఫ్‌సీ-4 రిటర్ను వేయాలి.

నమోదు లేని సంస్థ చేయవలసింది ఇదీ: చెల్లింపు గేట్‌వేలో విదేశీ కార్డులను ఆపించాలి, విరాళం ఫారంలో "నేను భారత పౌరుడిని" అన్న గడి తప్పనిసరి చేయాలి, ఎన్ఆర్ఐ దాతల నుంచి పాస్‌పోర్టు నకలు తీసుకుని దాచాలి. అమెరికాలోని తెలుగు సంఘాల ద్వారా ఇస్తే అక్కడ పన్ను మినహాయింపు వస్తుందని కొందరు సలహా ఇస్తారు, అది దాతకు నిజమే. కాని ఆ సంఘం నుంచి ఇక్కడికి వచ్చే డబ్బు విదేశీ విరాళమే. డబ్బు తీసుకోలేకపోయినా వారి సమయం తీసుకోవచ్చు. వెబ్‌సైటు సరిచేయడం, నివేదికను ఇంగ్లీషులోకి మార్చడం, శనివారం పొద్దున్నే పిల్లలకు వీడియో పిలుపులో లెక్కలు చెప్పడం వంటి పనులకు ఈ చట్టంతో పేచీ లేదు.

పదవ మెట్టు: కాపలా, క్యాలెండరు

మీ పోస్టరును యథాతథంగా కాపీ చేసి క్యూఆర్ కోడ్ మాత్రం మార్చి తిప్పే మోసగాళ్లు ఉంటారు. అందుకని అసలు క్యూఆర్ కోడ్ ఎప్పుడూ మీ సొంత వెబ్‌సైటులో ఉండాలి, ప్రతి పోస్టరు మీదా "మా సైటులో సరిచూసుకుని పంపండి" అన్న మాట ఉండాలి. శిబిరం దగ్గర అతికించిన కోడ్ మీద మరొకటి అతికించారేమో ప్రతి ఉదయం ఎవరో ఒకరు స్కాను చేసి చూడాలి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదన్న సంగతి కోశాధికారికి గోడ మీద రాసి చూపించినా తప్పులేదు, "పెద్ద విరాళం పంపుతున్నాం, పిన్ కొట్టండి" అనే పిలుపులు సేవాసంస్థలకూ వస్తాయి. మోసం జరిగిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బును దారిలో ఆపించే వీలు అంత ఎక్కువ.

నెలకోసారి కార్యవర్గం ముందుకు రావలసిన అంకెలు నాలుగే. సైటు గానీ వాట్సాప్ గానీ చూసి వచ్చిన ఫోన్‌లు ఎన్ని, శిబిరానికి వచ్చినవారిలో "ఎలా తెలిసింది" అంటే ఫోన్‌లో చూశామన్నవారు ఎందరు, కిందటేడు దాతల్లో ఈ ఏడు మళ్లీ ఇచ్చినవారు ఎందరు, మొదటి మెట్టులో రాసుకున్న ఆ అంకె ఎక్కడిదాకా వచ్చింది.

క్యాలెండరులో ఎర్ర సిరాతో చుట్టి పెట్టవలసిన తేదీలు మరికొన్ని ఉన్నాయి. ఏప్రిల్ మొదటి వారంలో దాతల జాబితాను బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడటం, మే 31కి విరాళాల వివరాల దాఖలు, ఆడిట్ అయిన వారంలోపు నివేదికను సైటులో పెట్టడం, విదేశీ విరాళాల నమోదు ఉన్నవారికి డిసెంబరు 31, ఇక 12ఏబీ, 80జి అనుమతుల గడువు ముగియడానికి ఆరు నెలల ముందు తేదీ. డొమైన్ గడువు తేదీని మాత్రం ఇద్దరి ఫోన్లలో, ఒక నెల ముందే మోగేలా పెట్టండి. ఆ ఇద్దరిలో ఒకరు ఊళ్లోనే ఉండేవారై ఉండాలి.